ఎర్త్‌ గుంత ఉంటే చాలదు!
• ఇంటి వైరింగ్‌లో కనిపించని లోపాలు.. పొంచి ఉన్న ముప్పు
• తెగని ఎర్త్‌ తీగ, పనిచేసే ఆర్‌సీసీబీ ఉంటేనే భరోసా

వేసవిలో కూలర్‌లో నీళ్లు పోస్తూ ఒకరు.. తడి దుస్తులు దండెంపై ఆరవేస్తూ మరొకరు.. హీటరు కడ్డీ ఆపకుండానే బకెట్‌ నీటిలో చేయి పెట్టి ఇంకొకరు.. తెలుగు రాష్ట్రాల జిల్లా వార్తల్లో ఇలాంటి విషాదాలు తరచూ కనిపిస్తూనే ఉన్నాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఇటీవలి నివేదికలను గమనిస్తే దేశంలో ఏటా పది వేల మందికి పైగా విద్యుదాఘాతంతో ప్రాణాలు కోల్పోతున్నారు. ఇవన్నీ ఇళ్లలో జరిగినవి కావు. పొలాల్లో, పరిశ్రమల్లో, రహదారులపై సంభవించినవీ వాటిలో ఉన్నాయి. అయితే ఇంట్లో పొంచి ఉన్న ముప్పును తొలగించడం చాలావరకు ఇంటి యజమాని చేతుల్లోనే ఉంది. అందుకయ్యే ఖర్చూ పెద్దదేమీ కాదు.

‘మా ఇంటికి ఎర్తింగ్‌ ఉంది, భయం లేదు’ అని చాలామంది ధీమాగా ఉంటారు. పెరట్లో గుంత తవ్వించారు, గొట్టం దింపించారు, బొగ్గు, ఉప్పు పోయించారు, మెయిన్‌ బోర్డు వరకు తీగ లాగించారు. అంతటితో రక్షణ పూర్తయిందని భావిస్తారు. వాస్తవానికి గుంత ఒక్కటే ప్రాణాన్ని కాపాడలేదు. అది రక్షణ వ్యవస్థలో ఒక భాగం మాత్రమే. మిగిలిన భాగాలు లేకపోతే గుంత ఉన్న ఇంట్లోనూ కూలర్‌ బాడీపై ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. అదెలాగో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు.

మూడు తీగల కథ
స్తంభం నుంచి సింగిల్‌ ఫేజ్‌ సర్వీసు ఉన్న ఇంటికి రెండు తీగలు వస్తాయి. ఒకటి ఫేజు, రెండోది న్యూట్రల్‌. వీటి మధ్య 230 వోల్టుల పీడనం ఉంటుంది. ఫేజు ద్వారా వచ్చిన విద్యుత్తు దీపం, ఫ్యాను, మోటారు వంటి వాటిని పనిచేయించి న్యూట్రల్‌ ద్వారా తిరిగి వెళుతుంది. వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్‌ వద్ద న్యూట్రల్‌ను భూమికి కలుపుతారు. నేలపై నిలబడి ఫేజు తీగను తాకిన మనిషికి షాక్‌ తగలడానికి కారణం ఇదే. విద్యుత్తు అతడి శరీరం గుండా నేలలోకి దిగి, ట్రాన్స్‌ఫార్మర్‌ వద్దకు దారి వెతుక్కుంటుంది.

మూడోది ఎర్త్‌ తీగ. చాలా ఇళ్లకు ఇది స్తంభం నుంచి రాదు. వినియోగదారుడే తన ఆవరణలో గుంత తీసి ఏర్పాటు చేసుకుంటాడు. ఫ్రిజ్‌, కూలర్‌, గీజర్‌, వాషింగ్‌ మెషీన్‌, గ్రైండర్‌, ఇస్త్రీపెట్టె వంటి వాటి లోహపు బాడీని ఈ తీగతో నేలకు కలుపుతారు. లోపలి తీగ పైపూత చెడి బాడీకి తాకినప్పుడు విద్యుత్తు మనిషి కోసం వేచి ఉండకుండా ఈ తీగ వెంట నేలలోకి పోవాలన్నది ఉద్దేశం. సామాన్య పరిస్థితుల్లో ఎర్త్‌ తీగలో విద్యుత్తు ప్రవహించకూడదు. అది ఆపద వేళకు మాత్రమే ఉద్దేశించిన దారి.

ఎంత ప్రవాహం ప్రమాదకరం?
షాక్‌ తీవ్రత ప్రధానంగా శరీరం గుండా పోయే ప్రవాహంపై, అది ఎంతసేపు కొనసాగిందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ప్రవాహాన్ని యాంపియర్లలో కొలుస్తారు. యాంపియర్‌లో వెయ్యో వంతు మిల్లీ యాంపియర్‌. సుమారు 1 మిల్లీ యాంపియర్‌ వద్ద చిన్నపాటి జలదరింపు తెలుస్తుంది. 10 మిల్లీ యాంపియర్లు దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న వస్తువును వదల్లేని స్థితి రావచ్చు. ‘కరెంటు పట్టేసింది’ అని జనం అనేది దీన్నే. 30 మిల్లీ యాంపియర్లకు మించి కొద్ది సెకన్లు కొనసాగితే శ్వాసకు, గుండె లయకు ముప్పు ఏర్పడుతుంది.

తడి చేతులతో, చెప్పులు లేకుండా నేలపై నిలబడిన మనిషి శరీర నిరోధం సుమారు 1,000 ఓములు అనుకుంటే 230 వోల్టుల వద్ద 230 మిల్లీ యాంపియర్లు ప్రవహిస్తాయి. మరోవైపు 9 వాట్ల ఎల్‌ఈడీ దీపం తీసుకునేది దాదాపు 40 మిల్లీ యాంపియర్లే. అంటే ఒక చిన్న దీపం వెలగడానికి సరిపోయే ప్రవాహమే మనిషి ఊపిరికి ముప్పు తేగలదు.

గుంత ఉన్నా 190 వోల్టులు!
ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. ఒక ఇంట్లో ఎర్త్‌ గుంత నిరోధం 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్‌ వద్ద ఎర్త్‌ నిరోధం 2 ఓములు అనుకుందాం. కూలర్‌ లోపల ఫేజు తీగ బాడీకి తాకింది. విద్యుత్తు ఎర్త్‌ తీగ వెంట గుంతలోకి దిగి, నేల గుండా ట్రాన్స్‌ఫార్మర్‌ను చేరుతుంది. దారిలో మొత్తం నిరోధం 12 ఓములు. 230ని 12తో భాగిస్తే సుమారు 19 యాంపియర్లు.

ఆ సర్క్యూట్‌కు 16 యాంపియర్ల ఎంసీబీ ఉందనుకుంటే, 19 యాంపియర్ల వద్ద అది వెంటనే పడిపోదు. గంటకు పైగా కదలకుండా ఉండే అవకాశమూ ఉంది. తక్షణం పడిపోవాలంటే, ఇళ్లలో ఎక్కువగా వాడే సి రకం ఎంసీబీకి దాని సామర్థ్యానికి 5 నుంచి 10 రెట్ల ప్రవాహం కావాలి. అంటే 80 నుంచి 160 యాంపియర్లు. గుంత ద్వారా అంత ప్రవాహం రావడం దాదాపు అసాధ్యం. పాత ఇళ్లలోని పింగాణీ ఫ్యూజుల్లో రాగి పోగులు రెండు మూడు కలిపి చుట్టి ఉంటే అవీ కాలవు.

ఈలోగా కూలర్‌ బాడీపై వోల్టేజీ ఎంత? 19 యాంపియర్లను 10 ఓములతో గుణిస్తే 190 వోల్టులు! గుంత ఉంది, తీగ ఉంది, ఎంసీబీ ఉంది. అయినా తాకిన వారికి షాక్‌ తప్పదు. గుంత నిరోధం 30 ఓములైతే పరిస్థితి ఇంకా దారుణం. ప్రవాహం 7 యాంపియర్లకే పరిమితమవుతుంది. ఎంసీబీ దాన్ని కూలర్‌, ఫ్యాను వాడకంగానే భావించి ఊరుకుంటుంది. బాడీపై 210 వోల్టులకు పైగా నిలుస్తుంది.

ఎంసీబీ, ఫ్యూజు చేసే పని వేరు. అధిక లోడు, షార్ట్‌ సర్క్యూట్‌ వల్ల తీగలు కాలిపోకుండా అవి కాపాడతాయి. మనిషిని షాక్‌ నుంచి కాపాడటం వాటి పని కాదు. ఈ తేడా తెలియకపోవడమే అనేక ఇళ్లలో అసలు లోపం.

ప్రాణరక్షణకు ఆర్‌సీసీబీ
ఈ లోటును పూడ్చేందుకు వచ్చిన పరికరమే ఆర్‌సీసీబీ. వాడుకలో దీన్ని ఈఎల్‌సీబీ అనీ పిలుస్తున్నారు. ఫేజు ద్వారా ఇంట్లోకి వెళ్లిన విద్యుత్తు, న్యూట్రల్‌ ద్వారా తిరిగి వచ్చిన విద్యుత్తు సమానంగా ఉన్నాయా అని ఇది అనుక్షణం సరిచూస్తుంది. వెళ్లినదాని కన్నా వచ్చింది తక్కువగా ఉంటే, ఆ తేడా మనిషి శరీరం గుండానో, తడి గోడ గుండానో నేలలోకి పోతోందన్నమాట. ఆ తేడా 30 మిల్లీ యాంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతు లోపే సరఫరాను నిలిపివేస్తుంది. లీకేజీ అంతకు ఎన్నో రెట్లు ఉంటే ఇంకా వేగంగా పడిపోతుంది.

ఎర్త్‌ గుంత అంత గొప్పగా లేకపోయినా ఆర్‌సీసీబీ పనిచేస్తుంది. పై ఉదాహరణలో 30 ఓముల గుంత ద్వారా పోయే 7 యాంపియర్లు ఎంసీబీకి లెక్కలోకి రాకపోయినా, ఆర్‌సీసీబీకి అది హద్దు కన్నా రెండు వందల రెట్లకు పైగా ఎక్కువ. కనురెప్పపాటులో సరఫరా ఆగిపోతుంది.

అలాగని ఎర్త్‌ తీగ అక్కర్లేదని కాదు. ఎర్త్‌ తీగ లేని ఇంట్లో ఆర్‌సీసీబీ పడిపోవాలంటే ముందుగా ఎవరో ఒకరు ఆ వస్తువును తాకాలి. వారికి క్షణకాలమైనా షాక్‌ తగులుతుంది. ఎర్త్‌ తీగ ఉంటే లోపం ఏర్పడిన క్షణంలోనే, ఎవరూ తాకకముందే సరఫరా ఆగుతుంది. గుంత, తీగ, ఆర్‌సీసీబీ.. మూడూ కలిస్తేనే రక్షణ సంపూర్ణం.

కేంద్ర విద్యుత్తు ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లో ఎర్త్‌ లీకేజీ రక్షణ పరికరం ప్రస్తావన ఉంది. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఎర్తింగ్‌ ఎలా చేయాలో ఐఎస్‌ 3043 అనే భారతీయ ప్రమాణం వివరిస్తుంది. దీన్ని 1987లో, 2018లో సవరించారు. వైరింగ్‌కు ఐఎస్‌ 732 ప్రామాణికం. వైరింగ్‌ పనిని లైసెన్సు ఉన్న వారితోనే చేయించాలి.

కొనేటప్పుడు గమనించండి
• ఆర్‌సీసీబీపై రెండు అంకెలు ఉంటాయి. 25, 40, 63 వంటివి అది మోయగల లోడును తెలిపే యాంపియర్లు. రక్షణకు సంబంధించిన అంకె వేరు. అది 30 మిల్లీ యాంపియర్లు ఉండాలి. 100, 300 మిల్లీ యాంపియర్ల రకాలు ప్రధానంగా అగ్నిప్రమాదాల నివారణకు ఉద్దేశించినవి. మనిషి రక్షణకు అవి చాలవు.
• ఐఎస్‌ఐ గుర్తు ఉన్నదే తీసుకోవాలి.
• ఆర్‌సీసీబీ అధిక లోడును ఆపలేదు. కాబట్టి ఎంసీబీలు యథాతథంగా ఉండాలి.
• ఫేజును ఒక చేత్తో, న్యూట్రల్‌ను మరో చేత్తో పట్టుకుంటే ఆర్‌సీసీబీ గుర్తించలేదు. అది దీపం వెలిగినట్టే భావిస్తుంది. అందువల్ల మెయిన్‌ ఆపకుండా తీగల జోలికి వెళ్లరాదు.

లోపాలు ఎక్కడెక్కడ?
చాలా ఇళ్లలో గుంత వరకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. గుంతకు, వస్తువుకు మధ్య ఎక్కడో దారి తెగిపోయి ఉంటుంది. అలా తెగినా దీపాలు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, ఏ తేడా తెలియదు. ఫేజు తెగితే ఇల్లు చీకటవుతుంది. ఎర్త్‌ తెగితే ఏమీ కాదు, ప్రమాదం జరిగేంత వరకు. ఎర్త్‌ లోపం ఏళ్ల తరబడి దాగి ఉండటానికి కారణం ఇదే.

• రెండు పిన్నుల ప్లగ్గు: కూలర్‌, గ్రైండర్‌ వంటి ఇనుప బాడీ వస్తువులకు మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి. సాకెట్‌లో పట్టడం లేదని మూడో పిన్నును విరిచేయడం, రెండు పిన్నుల ప్లగ్గు తగిలించడం ప్రాణాలతో చెలగాటమే. మూడో పిన్ను మిగిలిన వాటికన్నా పొడవుగా, లావుగా ఉండటంలో అర్థం ఉంది. ప్లగ్గు పెట్టేటప్పుడు ముందుగా ఎర్త్‌ కలవాలి, తీసేటప్పుడు చివరగా విడిపోవాలి.
• ఎక్స్‌టెన్షన్‌ బాక్సు: చూడటానికి మూడు రంధ్రాలు ఉంటాయి. లోపల తీగ మాత్రం రెండు పోగులదే. దీనికి కూలర్‌ తగిలిస్తే ఇంటి ఎర్తింగ్‌ ఎంత బాగున్నా నిష్ఫలం.
• పాత ఇళ్లు: కొన్నింటిలో దీపాలు, ఫ్యాన్ల కోసం వేసిన రెండు తీగల వైరింగ్‌నే తర్వాత ఫ్రిజ్‌, గీజర్‌కు పొడిగించారు. ఎర్త్‌ తీగ మెయిన్‌ బోర్డు వద్దే ఆగిపోయింది.
• తప్పు తీగకు స్విచ్చు: స్విచ్చు ఎప్పుడూ ఫేజు తీగకే ఉండాలి. న్యూట్రల్‌కు బిగిస్తే ఆపినా వస్తువు లోపల ఫేజు అలాగే ఉంటుంది. సాకెట్‌ను ఎదురుగా చూస్తే పైన ఎర్త్‌, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్‌ ఉండాలి.
• రంగుల పొరపాటు: ఇంటి వైరింగ్‌లో ఎరుపు, పసుపు, నీలం ఫేజులకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ లేదా ఆకుపచ్చపై పసుపు చారలు ఎర్త్‌కు వాడతారు. చాలా వస్తువుల తీగలో మాత్రం గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్‌. ప్లగ్గు మార్చేటప్పుడు ఈ నీలం వద్దే తికమక పడుతుంటారు.

న్యూట్రల్‌తో ఎర్త్‌ కలిపితే..
ఎర్త్‌ తీగ లేని చోట సాకెట్‌ లోపలే న్యూట్రల్‌ నుంచి చిన్న తీగ ముక్కను ఎర్త్‌ రంధ్రానికి కలిపే అలవాటు కొందరిలో ఉంది. టెస్టర్‌తో చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఒకవేళ ఇంటికి వచ్చే న్యూట్రల్‌ ఎక్కడైనా తెగినా, వదులైనా, ఫేజు విద్యుత్తు దీపాల గుండా న్యూట్రల్‌లోకి, అక్కడి నుంచి నేరుగా ఫ్రిజ్‌ బాడీపైకి వస్తుంది. ఏ వస్తువూ చెడిపోకుండానే, ఇంట్లోని ఇనుప బాడీ వస్తువులన్నీ ఒక్కసారిగా షాక్‌ కొట్టే స్థితికి చేరతాయి.

దీనికి విరుద్ధమైన పొరపాటు మరొకటి. న్యూట్రల్‌ పోయి దీపాలు వెలగనప్పుడు లైన్‌మన్‌ వచ్చేదాకా ఆగకుండా ఎర్త్‌ తీగనే న్యూట్రల్‌గా వాడుకోవడం. ఇలా చేస్తే ఇంటి విద్యుత్తు అంతా గుంతలోకి దిగుతుంది. ఎర్త్‌ తీగకు కలిపిన ప్రతి వస్తువు బాడీపై వోల్టేజీ ఏర్పడుతుంది. గుంత చుట్టూ తడి నేలపై నడిచే మనుషులకు, దగ్గర్లో కట్టిన పశువులకూ ముప్పే. న్యూట్రల్‌ సమస్య ఎదురైతే మెయిన్‌ ఆపి, 1912 నంబరుకు గానీ స్థానిక విద్యుత్తు కార్యాలయానికి గానీ ఫిర్యాదు చేయాలి.

వేసవిలోనే గుంత బలహీనం
నేల విద్యుత్తును ఎంత సులువుగా తీసుకుంటుందన్నది మట్టి రకంపై, తేమపై ఆధారపడి ఉంటుంది. తేమను పట్టి ఉంచే నల్లరేగడిలో, డెల్టా ప్రాంతపు తడి నేలల్లో నిరోధం తక్కువ. ఎర్ర చలక నేలల్లో, రాతి పొరలున్న చోట ఎక్కువ. ఒక మోస్తరు నేలలో 2.5 మీటర్ల గొట్టాన్ని ఉత్తగా దింపితే నిరోధం 30 ఓముల పైనే ఉండవచ్చు. బొగ్గు, ఉప్పు, నీరు చేర్చేది దీన్ని తగ్గించడానికే.

ఎండలు ముదిరి నేల ఆరిపోయేకొద్దీ గుంత నిరోధం పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే కూలర్లు, నీటి మోటార్ల వాడకమూ పెరుగుతుంది. అంటే రక్షణ ఎక్కువ అవసరమైన రోజుల్లోనే గుంత బలహీనపడుతుంది. అందువల్ల ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే గుంతను చూసుకోవడం మేలు.

• గొట్టం పైన గరాటు అమర్చి, మూత ఉన్న చిన్న తొట్టి కట్టించాలి. వేసవిలో క్రమం తప్పకుండా నీరు పోయాలి.
• గుంత ఇంటి గోడకు కనీసం 1.5 మీటర్ల దూరంలో ఉండాలి.
• ఉప్పు నిరోధాన్ని తగ్గిస్తుంది గానీ ఇనుమును తినేస్తుంది. కొన్నేళ్లకు గొట్టం, బోల్టు, తీగ కలిసే చోట తుప్పు పట్టి తెగిపోతాయి. తొట్టి మూత తీసి ఏడాదికోసారైనా ఆ అతుకును చూడాలి.
• ఇంటి నీటి గొట్టానికి ఎర్త్‌ తీగ చుట్టి వదిలేయడం పాత పద్ధతి. ఇప్పుడు గొట్టాలు ప్లాస్టిక్‌వి. వాటి గుండా విద్యుత్తు నేలకు చేరదు.

బల్బు వెలిగితే సరిపోదు
ఫేజు, ఎర్త్‌ మధ్య బల్బు పెట్టి చూసి, వెలిగితే ‘ఎర్తింగ్‌ బ్రహ్మాండం’ అని చెప్పి వెళ్లడం పరిపాటి. 100 వాట్ల బల్బుకు అర యాంపియర్‌ కూడా అక్కర్లేదు. గుంత నిరోధం 30 ఓములున్నా ఆ బల్బు దాదాపు పూర్తి కాంతితోనే వెలుగుతుంది. ఎల్‌ఈడీ దీపానికైతే ఇంకా చాలా తక్కువ చాలు. ఇంతకుముందు చూసినట్టు 30 ఓముల గుంతతో ఎంసీబీ పడిపోదు. బల్బు వెలగడం తీగ తెగలేదని మాత్రమే చెబుతుంది, గుంత బలాన్ని చెప్పదు.

గుంత నిరోధాన్ని ఎర్త్‌ టెస్టర్‌తో కొలిపించాలి. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఎలక్ట్రీషియన్‌ అదే 100 వాట్ల బల్బును ఒక్కో సాకెట్‌లో ఫేజుకు, ఎర్త్‌కు మధ్య పెట్టినప్పుడు ఆర్‌సీసీబీ వెంటనే పడిపోతే, ఆ సాకెట్‌ వరకు ఎర్త్‌ తీగ, ఆర్‌సీసీబీ రెండూ పనిచేస్తున్నట్టు. బల్బు అలాగే వెలుగుతూ ఉంటే ఆర్‌సీసీబీలోనో, వైరింగ్‌లోనో లోపం ఉన్నట్టు. బల్బు వెలగకుండా, ఆర్‌సీసీబీ పడకుండా ఉంటే ఎర్త్‌ తీగ తెగినట్టు. ఈ పరీక్షను ఇంట్లో వారు సొంతంగా చేయరాదు.

దండెం.. యమపాశం కాకుండా
ఇంట్లో పెట్టిన ఆర్‌సీసీబీ మీటరు తర్వాతి లోపాలనే పట్టుకోగలదు. స్తంభం నుంచి మీటరు వరకు వచ్చే సర్వీసు తీగ దాని పరిధిలోకి రాదు. ఆ తీగను మోయడానికి ఇనుప తీగ కడతారు. గాలికి ఊగి, రేకుల అంచుకు ఒరిసి సర్వీసు తీగ పైపూత చెడితే ఆ ఇనుప తీగకు, రేకులకు, వాటిని మోసే ఇనుప గొట్టానికి విద్యుత్తు వస్తుంది. అదే గొట్టానికి ఇనుప దండెం కట్టి ఉంటే తడి బట్ట వేసిన చేతికి ప్రమాదం తప్పదు. వానాకాలంలో ఈ ముప్పు మరీ ఎక్కువ.

దండేనికి ఇనుప తీగ బదులు నైలాన్‌ తాడు వాడటం అతి చౌకైన రక్షణ. విద్యుత్తు స్తంభానికి, దాని సపోర్టు తీగకు, సర్వీసు గొట్టానికి దండెం కట్టరాదు. పశువులనూ కట్టేయరాదు. సర్వీసు తీగ పాతబడి పగుళ్లు కనిపిస్తే విద్యుత్తు సిబ్బందికి తెలిపి మార్పించుకోవాలి.

పదేపదే పడిపోతోందని తీసేయొద్దు
ఆర్‌సీసీబీ బిగించిన కొన్నాళ్లకే ‘ఊరికే పడిపోతోంది’ అంటూ దాన్ని తప్పించి నేరుగా తీగలు కలిపించుకునే వారున్నారు. అది ఊరికే పడిపోదు. కారణాలు ఎక్కువగా మూడు. గీజర్‌, హీటరు, ఫ్రిజ్‌ వంటి వాటిలో నిజంగానే లీకేజీ ఉండటం మొదటిది. ఇంట్లో ఎక్కడో న్యూట్రల్‌, ఎర్త్‌ కలిసిపోవడం రెండోది. ఇన్వర్టర్‌ న్యూట్రల్‌ను ఇతర సర్క్యూట్ల న్యూట్రల్‌తో కలిపేయడం మూడోది.

అన్ని ఎంసీబీలు ఆపి, ప్లగ్గులు తీసి, ఆర్‌సీసీబీని పైకెత్తి, ఒక్కో ఎంసీబీని వేస్తూ పోతే ఏ సర్క్యూట్‌ వద్ద పడిపోతోందో తెలుస్తుంది. తర్వాత అందులోని వస్తువులను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఇన్వర్టర్‌పై నడిచే దీపాలు, ఫ్యాన్లకు న్యూట్రల్‌ను వేరు చేయించాలి. సరఫరా లేనప్పుడు ఇన్వర్టర్‌ నుంచి వచ్చేది కూడా 230 వోల్టులే. ఆ సర్క్యూట్లకు రక్షణ ఉందో లేదో విడిగా అడిగి తెలుసుకోవాలి.

లీకేజీకి మీటరు కూడా సాక్ష్యం చెబుతుంది. ఇంట్లో అన్ని స్విచ్చులు ఆపి, ప్లగ్గులు తీసినా మీటరుపై యూనిట్లు సూచించే దీపం మిణుకుమంటుంటే ఎక్కడో విద్యుత్తు కారుతున్నట్టు అనుమానించాలి. కొన్ని మీటర్లలో ఎర్త్‌ లీకేజీని తెలిపే ప్రత్యేక దీపమూ ఉంటుంది.

ఇవి మరువొద్దు
• ఆర్‌సీసీబీపై ఉండే పరీక్ష బటన్‌ను నెలకోసారి నొక్కాలి. వెంటనే పడిపోకపోతే మార్పించాలి. ఈ బటన్‌ ఆ పరికరాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్త్‌ తీగను కాదు.
• కూలర్‌లో నీళ్లు పోసే ముందు స్విచ్చు ఆపి, ప్లగ్గు తీయాలి. చెప్పులు లేకుండా, తడి నేలపై నిలబడి కూలర్‌ను తాకరాదు.
• హీటరు కడ్డీ ప్లగ్గు తీసిన తర్వాతే నీటిని తాకాలి. ఇనుప బకెట్‌ వాడరాదు. పిల్లలకు అందనివ్వరాదు.
• గీజర్‌ను స్నానానికి ముందే ఆపడం అలవాటు చేసుకోవాలి.
• వస్తువును తాకితే చిన్నగా జిల్లుమంటోందంటే అది హెచ్చరిక. ‘అప్పుడప్పుడూ కొడుతుంది’ అని సర్దుకుపోకుండా వెంటనే వాడకం ఆపి బాగుచేయించాలి.
• అద్దె ఇంట్లో దిగే ముందు నీటి వసతితో పాటు ఆర్‌సీసీబీ, ఎర్త్‌ గుంత ఉన్నాయేమో అడగాలి.

షాక్‌ తగిలితే..
విద్యుత్తు తగిలిన వ్యక్తిని కంగారులో చేత్తో పట్టుకుని లాగడం వల్ల ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు మరణించిన సందర్భాలున్నాయి. మొదట మెయిన్‌ ఆపాలి. అది వీలుకాకపోతే పొడి చెక్కపై గానీ, మందపాటి ప్లాస్టిక్‌ వస్తువుపై గానీ నిలబడి, పొడి కర్రతో తీగను పక్కకు నెట్టాలి. స్తంభం నుంచి తెగిపడిన తీగ అయితే దగ్గరకు వెళ్లకూడదు. విద్యుత్తు కార్యాలయం సరఫరా ఆపేవరకు అందరినీ దూరంగా ఉంచాలి.

బాధితుడు పలకక, శ్వాస ఆడకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్‌ చేయాలి. అంబులెన్స్‌ వచ్చేలోగా ఛాతీ మధ్య భాగంలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, 5 సెంటీమీటర్ల లోతుకు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కుతూ ఉండాలి. స్పృహలోకి వచ్చి మామూలుగా కనిపించినా ఆసుపత్రిలో చూపించాలి. గుండె లయలో తేడా తర్వాత బయటపడవచ్చు.

ఇంటి నిర్మాణానికి లక్షలు వెచ్చించేవారు రంగులు, పలకలు, దీపాల ఎంపికపై చూపే శ్రద్ధలో కొంత మెయిన్‌ బోర్డుపైనా చూపాలి. ఒక ఆర్‌సీసీబీ ఖర్చు సాధారణ మిక్సీ ధరకు మించదు. ఇల్లంతా వైరింగ్‌ మార్చే స్తోమత లేనివారు మొదట ఆర్‌సీసీబీ బిగించుకోవాలి. తర్వాత కూలర్‌, గీజర్‌, ఫ్రిజ్‌, వాషింగ్‌ మెషీన్‌ సాకెట్లకు ఎర్త్‌ తీగ లాగించాలి. ఆ తర్వాత గుంతను సరిచేయించాలి. ఈ వేసవి రాకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ‘గుంత ఉందా’ అని కాకుండా, ‘ఈ సాకెట్‌లో లోపం వస్తే సరఫరా ఆగుతుందా’ అని అడగాలి.